దివాలా తర్వాత అద్దె ఇల్లు: కోర్టు ముగించిన లెక్కను మళ్లీ తెరవడం న్యాయమేనా?

అమెరికాలో దివాలా చట్టం ఎందుకు ఉందో ఆ దేశపు సుప్రీంకోర్టు 1934లోనే తేల్చి చెప్పింది. లోకల్ లోన్ కంపెనీ, హంట్ అనే రుణగ్రస్తుడి మధ్య నడిచిన కేసులో, నిజాయితీగా బతుకుతూ దురదృష్టం వల్ల అప్పులపాలైన మనిషికి జీవితంలో కొత్త అవకాశం ఇవ్వడం, పాత బాకీల ఒత్తిడీ నిరుత్సాహమూ లేకుండా మళ్లీ కష్టపడి పైకి రావడానికి వీలు కల్పించడం ఈ చట్టం ఉద్దేశమని న్యాయమూర్తులు రాశారు. తొంభై ఏళ్లు దాటినా దివాలా కోర్టులు ఇప్పటికీ ఆ తీర్పునే ఉదహరిస్తాయి. అయితే బాకీలు రద్దయ్యాయని కోర్టు ఇచ్చే డిశ్చార్జ్ ఉత్తర్వు చేతికి వచ్చాక ఒక కుటుంబానికి అన్నిటికన్నా ముందు కావలసింది తలదాచుకునే చోటు. దానికోసం నింపే అద్దె దరఖాస్తులో "మీరు ఎప్పుడైనా దివాలా దాఖలు చేశారా?" అన్న ప్రశ్న ఉంటుంది. దాని పక్కన అవును, లేదు అని రెండే గడులు ఉంటాయి. ఎందుకు దాఖలు చేయవలసి వచ్చిందో, ఆ కష్టకాలంలో ఇంటి అద్దె కట్టారో లేదో చెప్పుకోవడానికి అక్కడ చోటు ఉండదు.

అద్దె ఇచ్చేవారు తెలుసుకోవలసిన అసలు సంగతిని ఆ ప్రశ్న అడగడం లేదని నా అభిప్రాయం. ఇల్లు అద్దెకు ఇచ్చే మనిషి చూడవలసింది వచ్చేవారు అద్దె సక్రమంగా కట్టిన చరిత్ర, ఇప్పుడు కట్టగలిగే ఆదాయం. కోర్టు విచారించి ముగించిన బాకీల లెక్కను లీజింగ్ ఆఫీసు మళ్లీ తెరిచి శిక్ష వేయడం అన్యాయమే కాకుండా, ఓనరు లాభనష్టాల దృష్టితో చూసినా తెలివైన పని కాదు. ఈ మాటను మా కుటుంబ అనుభవంతోనూ, ఈ అయిదారేళ్లలో నేను చదివి తెలుసుకున్న చట్టంతోనూ వివరించాలనుకుంటున్నాను. డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో అద్దె ఇళ్లు ఉన్న తెలుగువారు చాలామంది ఉన్నారు. ముఖ్యంగా వారిని ఉద్దేశించే ఇది రాస్తున్నాను.

మాది డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక ఊళ్లో చిన్న టిఫిన్ రెస్టారెంట్. నా భర్త దాన్ని చూసుకునేవారు, నేను ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేసేదాన్ని. 2020లో కరోనా వచ్చి జనం బయటికి రావడం మానేసినప్పుడు రాబడి పడిపోయింది గానీ, దుకాణం లీజు, వంట సామగ్రి మీద తీసుకున్న రుణం, పనివాళ్ల జీతాలు తగ్గలేదు. కంపెనీ పేరున తీసుకున్న లీజుకూ రుణానికీ మేమిద్దరం వ్యక్తిగత హామీ సంతకాలు చేసి ఉన్నాం. ఇక్కడ చిన్న వ్యాపారం పెట్టే ప్రతి కుటుంబమూ దాదాపు ఇలాంటి సంతకమే చేస్తుంది, ఎందుకంటే అది లేకుండా దుకాణం ఇచ్చేవారు అరుదు. కొన్ని నెలలు క్రెడిట్ కార్డుల మీద జీతాలు ఇచ్చి నెట్టుకొచ్చాం. చివరికి లాయరు సలహాతో చాప్టర్ 7, అంటే చాలా బాకీలను కొద్ది నెలల్లోనే రద్దు చేసే రకం దివాలా, దాఖలు చేశాం. మా బాకీల్లో ఎక్కువ భాగం వ్యాపారానికి సంబంధించినవి కాబట్టి, మామూలు వినియోగదారులకు పెట్టే ఆదాయ పరీక్ష మాకు వర్తించలేదు. దాఖలు రుసుము 338 డాలర్లు, లాయరు ఫీజు వేరుగా ఉంటుంది. దాఖలుకు ముందు రుణ సలహా తరగతి, తర్వాత ఆర్థిక నిర్వహణ తరగతి, మధ్యలో దివాలా కేసును చూసే అధికారి అయిన ట్రస్టీ ప్రమాణం చేయించి ప్రశ్నలు అడిగే సమావేశం అయ్యాక, సుమారు నాలుగు నెలలకు డిశ్చార్జ్ వచ్చింది. ఈ కాలమంతటా మేము ఉంటున్న అద్దె ఇంటికి ఒక్క నెల కూడా అద్దె ఆపలేదు.

తర్వాత ఆ ఇంటి ఓనరు ఇల్లు అమ్మకానికి పెట్టారు. మేము మరో ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది.

పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాల్లో దరఖాస్తును మనిషి చదవడు. పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, జీతం వివరాలు ఒక స్క్రీనింగ్ కంపెనీకి వెళ్తాయి. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్పుల చెల్లింపుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టునూ, ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించే) కేసులనూ, నేర చరిత్రనూ కలిపి చూసి, ఓనరు ముందుగా పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం అంగీకారమో, తిరస్కారమో, ఎక్కువ డిపాజిట్‌తో అంగీకారమో తేలుస్తుంది. పాత ఓనరు రాసిచ్చిన మంచి మాట ఆ సాఫ్ట్‌వేర్ దాకా చేరే మార్గం ఉండదు. తిరస్కరించినా దరఖాస్తు రుసుము తిరిగి రాదు. ఇంట్లో పెద్దవారు ఒక్కొక్కరికీ 50 డాలర్లో 75 డాలర్లో వేరువేరుగా కట్టాలి కాబట్టి, భార్యాభర్తలు రెండు మూడు చోట్ల దరఖాస్తు పెట్టేసరికి ఒక వారం సరుకుల ఖర్చు పోతుంది. న్యూయార్క్ రాష్ట్రం 2019లో ఈ రుసుమును 20 డాలర్లకు పరిమితం చేసింది. టెక్సస్‌లో అలాంటి పరిమితి లేదు.

టెక్సస్‌లో ఉన్న ఒక రక్షణ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. రాష్ట్ర ఆస్తి చట్టంలోని 92.3515 సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇచ్చేటప్పుడే ఓనరు తన ఎంపిక ప్రమాణాలను రాతపూర్వకంగా అందుబాటులో ఉంచాలి. వాటిలో క్రెడిట్ చరిత్ర, ఆదాయం, పాత అద్దె చరిత్ర, నేర చరిత్ర దేన్ని బట్టి తిరస్కరించవచ్చో ఉండాలి. అలా తెలియజేయకుండా తిరస్కరిస్తే రుసుము తిరిగి ఇవ్వాలి. అందుచేత డబ్బు కట్టే ముందే ఆ కాగితం అడిగి చదవాలి. మేము చదివిన ప్రమాణాల్లో పదేపదే కనిపించిన వాక్యాలు రెండు. ఒకటి, గత ఏడేళ్లలో దివాలా ఉంటే తిరస్కారం. రెండోది, డిశ్చార్జ్ అయిన దివాలాను అంగీకరిస్తాం గానీ, ఇంకా నడుస్తున్న దివాలాను అంగీకరించం.

ఈ రెండో వాక్యం చూడటానికి సబబుగా అనిపిస్తుంది. చాప్టర్ 7కు అది పెద్ద అడ్డంకి కాదు, ఎందుకంటే నాలుగు నెలలు ఆగితే డిశ్చార్జ్ వస్తుంది. చాప్టర్ 13 సంగతి అలా కాదు. అందులో బాకీలు వెంటనే రద్దు కావు. సంపాదనలో నుంచి కోర్టు ఆమోదించిన ప్రణాళిక ప్రకారం మూడు నుంచి అయిదేళ్ల పాటు ప్రతి నెలా ట్రస్టీకి డబ్బు కట్టి, ఆ చెల్లింపులన్నీ పూర్తి చేసినవారికే డిశ్చార్జ్ వస్తుంది. అంటే తన అప్పుల్లో కొంతైనా తీరుస్తానని ముందుకు వచ్చి, నెలనెలా కోర్టు పర్యవేక్షణలో కడుతున్న మనిషి ఆ అయిదేళ్లూ "నడుస్తున్న దివాలా" కిందే ఉంటాడు. అంత క్రమశిక్షణతో డబ్బు కడుతున్నట్టు కాగితం మీద రుజువు ఉన్న కిరాయిదారు ఓనర్లకు మరొకడు దొరకడు. అయినా వారి ప్రమాణం అతన్నే మొదట గడప దాటనివ్వదు. ఏ ప్రమాణాన్నైనా అది ఎవరిని బయట ఉంచుతోందో చూసి తూచాలి. ఈ ప్రమాణం బాకీ కట్టేవాడినే బయట ఉంచుతోంది.

ఇక చాప్టర్ 7 డిశ్చార్జ్ పొందినవారిని చూద్దాం. ఓనరు భయం అద్దె ఆగిపోతుందని. అద్దె ఎందుకు ఆగుతుంది? ఉద్యోగం పోవడం వల్ల, జబ్బు వల్ల, లేదా జీతం రాగానే ఇతర అప్పులవాళ్లు పట్టుకుపోవడం వల్ల. మొదటి రెండూ ఎవరికైనా రావచ్చు. మూడో కారణం మాత్రం డిశ్చార్జ్ పొందిన మనిషికి చాలావరకు పోయింది. నెలకు వెయ్యి డాలర్ల కార్డు వాయిదాలు కడుతూ, క్రెడిట్ స్కోరు 700 దగ్గర నిలబెట్టుకుంటున్న దరఖాస్తుదారుకు జీతంలో మిగిలేది ఎంత? అంతే జీతం ఉండి ఏ కార్డు బాకీ లేని మనిషికి మిగిలేది ఎంత? స్కోరు మొదటివారికి ఎక్కువ, అద్దె కట్టగలిగే స్థోమత రెండోవారికి ఎక్కువ. పైగా ఒకసారి చాప్టర్ 7 డిశ్చార్జ్ పొందినవారు మరో చాప్టర్ 7 ద్వారా డిశ్చార్జ్ పొందాలంటే మొదటి దాఖలు నుంచి ఎనిమిదేళ్లు ఆగాలి. మునిగే దశలో ఉండి ఇంకా దివాలా వేయని దరఖాస్తుదారు లీజు మధ్యలో వేయవచ్చు. అతని రిపోర్టులో ప్రస్తుతానికి ఏ మచ్చా కనిపించదు.

ఓనర్ల వైపు బలమైన వాదన లేదని నేను అనను. ఇంటి మీద తానూ బ్యాంకు అప్పు కడుతున్న చిన్న ఓనరుకు రెండు నెలలు అద్దె ఆగితే ఇబ్బందే. ఎవిక్షన్‌కు కోర్టు ఖర్చు, ఖాళీ నెలలు, మరమ్మతులు అన్నీ అతని నెత్తిన పడతాయి. కొన్ని దివాలాల్లో పాత ఇంటి అద్దె బకాయి కూడా రద్దయిన బాకీల్లో ఉంటుంది. అలాంటి చరిత్ర ఉన్నవారి విషయంలో కొత్త ఓనరు జాగ్రత్త పడటం సహజమే. కానీ దానికి చూడవలసింది అద్దె చరిత్ర. అది వేరుగా, సులభంగా తెలుస్తుంది. పాత ఓనరుకు ఒక ఫోను, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కౌంటీ పరిధిలోని కోర్టుల్లో ఎవిక్షన్ కేసుల వివరం చాలు. రెస్టారెంట్ లీజు హామీ వల్ల దివాలా తీసినవారికీ, ఇంటి అద్దె ఎగ్గొట్టి వెళ్లినవారికీ తేడా చూపలేని ప్రశ్నను అడగడం వల్ల ఓనరుకు రక్షణ పెరగదు.

మాకు చివరికి ఇల్లు ఇచ్చింది ఇద్దరు ముగ్గురు కిరాయిదారులతో సొంతంగా ఇళ్లు చూసుకునే ఒక పెద్దాయన. ఆయన దరఖాస్తు చూసి నా భర్తను అడిగింది ఒకటే: "కోర్టు కాగితం సరేనండీ, హోటలు మూతపడ్డప్పుడు మీ ఇంటి అద్దె ఎప్పుడైనా ఆగిందా?" ఆగలేదని చెప్పి, రెండేళ్ల స్టేట్‌మెంట్లలో అద్దె వెళ్లిన తేదీలు గీతలు గీసి చూపించాం. పాత ఓనరుతో మాట్లాడారు, ఒక నెల అద్దె డిపాజిట్‌గా తీసుకున్నారు, తాళాలు ఇచ్చారు. ఆయన మమ్మల్ని జాలితో చూడలేదు, తనకు అవసరమైన విషయాన్నే అడిగారు. ఓనర్లందరూ అలా అడగాలన్నదే నా కోరిక.

చట్టంలో ఉన్న లోటు కూడా చెప్పాలి. 1971లో పెరెజ్, క్యాంప్‌బెల్ కేసులో సుప్రీంకోర్టు, దివాలాలో రద్దయిన ప్రమాదపు నష్టపరిహారం కట్టలేదన్న కారణంతో డ్రైవింగ్ లైసెన్సును ఆపి ఉంచే అరిజోనా చట్టం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ సూత్రాన్నే 1978 దివాలా చట్టం 525 సెక్షన్‌గా రాసుకుంది. దివాలా తీశారన్న ఒక్క కారణంతో ప్రభుత్వ సంస్థలు లైసెన్సులూ అలాంటి ఇతర మంజూరులూ నిరాకరించకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2002లో రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, వెర్మాంట్‌లోని బ్రాటిల్‌బరో పబ్లిక్ హౌసింగ్ విషయంలో, ప్రభుత్వ గృహాల లీజు కూడా ఆ రక్షణ కిందికే వస్తుందని నిర్ణయించింది. కానీ ప్రైవేటు ఓనర్ల గురించి ఆ సెక్షన్‌లో ఒక్క మాట కూడా లేదు. ప్రైవేటు యజమాని దివాలా కారణంగా ఉద్యోగిని తీసేయకూడదని చట్టం చెప్పింది, ప్రైవేటు ఓనరు ఇల్లు నిరాకరించకూడదని చెప్పలేదు. అమెరికాలో అద్దె ఇళ్లలో అత్యధిక భాగం ప్రైవేటువే కాబట్టి, కొత్త జీవితానికి అవకాశం ఇస్తామన్న వాగ్దానం ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. ఈ సెక్షన్‌ను ప్రైవేటు అద్దెకు కూడా విస్తరించాలని నేను నమ్ముతున్నాను. ఆదాయాన్నీ అద్దె చరిత్రనూ చూసే హక్కు ఓనరుకు ఉండాలి, దివాలా ఒక్కటే కారణంగా తలుపు మూసే హక్కు ఉండకూడదు.

క్రెడిట్ రిపోర్టులో దివాలా ఇంత పెద్దగా కనబడటానికి మరో కారణం ఉంది. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం దివాలాను పదేళ్ల వరకు చూపించనిస్తుంది. చాప్టర్ 7ను పదేళ్లూ చూపుతారు, చాప్టర్ 13ను మాత్రం ఆ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ బ్యూరోలు ఏడేళ్లకే తీసేస్తాయి. మామూలు ఆలస్య చెల్లింపులు ఏడేళ్లు ఉంటాయి. ఒకప్పుడు కోర్టు తీర్పుల బాకీలు, పన్ను బకాయిల తాకట్టులు కూడా రిపోర్టులో ఉండేవి. వాటిలో తప్పులు ఎక్కువగా ఉన్నందున 2017, 2018లలో మూడు బ్యూరోలూ వాటిని తొలగించాయి. దాంతో పబ్లిక్ రికార్డుల భాగంలో ఇప్పుడు మిగిలింది దివాలా ఒక్కటే. కోర్టులో ఓడి కూడా డబ్బు కట్టనివారి తీర్పు ఆ భాగంలో కనిపించదు, చట్టం చెప్పిన దారిలో వెళ్లి లెక్క ముగించుకున్నవారి పేరు కనిపిస్తుంది.

కాబట్టి డిశ్చార్జ్ వచ్చిన తర్వాత మొదట చేయవలసిన పని రిపోర్టులు తెప్పించుకోవడం. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి నుంచీ వారానికి ఒకసారి ఉచితంగా తీసుకోవచ్చు. కొత్త కార్డు కన్నా ముందు ఈ పని చేయాలని నేను గట్టిగా చెబుతాను. రద్దయిన ప్రతి ఖాతా పక్కన బాకీ సున్నా అని, దివాలాలో చేరిందని ఉండాలి. మా రిపోర్టులో ఒక ఖాతా ఇంకా బాకీ ఉన్నట్టు, ప్రతి నెలా కట్టనట్టు కనిపిస్తూ వచ్చింది. అద్దె స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్‌కు అది పాత దివాలా కన్నా ప్రమాదకరంగా కనబడుతుంది, ఎందుకంటే దాని దృష్టిలో అది ఇప్పుడు జరుగుతున్న ఎగవేత. డిశ్చార్జ్ ఉత్తర్వు ప్రతినీ, ఆ అప్పు ఇచ్చినవారి పేరున్న షెడ్యూలు (కోర్టుకు ఇచ్చిన బాకీల జాబితా) పేజీనీ జతచేసి అభ్యంతరం పంపితే బ్యూరో సాధారణంగా 30 రోజుల్లో విచారించాలి. అలాగే ఏ ఓనరైనా రిపోర్టును బట్టి తిరస్కరించినా, ఎక్కువ డిపాజిట్ అడిగినా, హామీదారు కావాలన్నా, ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ పేరు తెలియజేయాలి. 60 రోజుల లోపు అడిగితే ఆ కంపెనీ ఉచితంగా ప్రతి ఇవ్వాలి. స్క్రీనింగ్ కంపెనీల రిపోర్టుల్లో అదే పేరున్న మరొకరి ఎవిక్షన్ కలిసిపోయే అవకాశం ఉంటుంది. రెడ్డి, రావు, కుమార్ వంటి పేర్లు వేలమందికి ఉన్న మనవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి.

తర్వాత స్కోరు సంగతి. ఫైకో అనే క్రెడిట్ స్కోరు లెక్కలో 35 శాతం సకాల చెల్లింపులకు, 30 శాతం ఉన్న పరిమితిలో ఎంత వాడుతున్నామన్నదానికి వెళ్తుంది. 200 డాలర్ల డిపాజిట్‌తో ఇచ్చే సెక్యూర్డ్ కార్డు తీసుకుని, నెలకు ఒకటి రెండు చిన్న ఖర్చులు పెట్టి పూర్తిగా కట్టేస్తూ పోతే ఆ రెండు భాగాలూ నెమ్మదిగా బాగుపడతాయి. దీని గురించి సలహాలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి ఇంతకన్నా చెప్పను. డబ్బు తీసుకుని దివాలాను రిపోర్టు నుంచి తుడిచేస్తామనే సంస్థల జోలికి మాత్రం వెళ్లకూడదు. నిజమైన నమోదును గడువుకు ముందు తీయించగలమని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నాకు అన్యాయంగా తోచేది వేరొకటి. నెలకు రెండు వేల డాలర్ల అద్దె ఏళ్ల తరబడి తప్పకుండా కట్టినా, అది మామూలుగా క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కదు. ముప్ఫై డాలర్ల కార్డు బిల్లు కడితే ఎక్కుతుంది. ఇల్లు ఉన్నవారి నెలవారీ బ్యాంకు వాయిదా వారి పేరుకు విలువ తెస్తుంది, అద్దె ఉన్నవారి చెల్లింపు ఆనవాలు లేకుండా పోతుంది. 2014 నాటి ఫైకో 9, దాని తర్వాతి నమూనాలు అద్దె నమోదైతే లెక్కలోకి తీసుకుంటాయి. అయితే మామూలుగా ఆ నమోదు ఓనరు చేస్తేనే జరుగుతుంది. కాలిఫోర్నియా 2025 ఏప్రిల్ 1 నుంచి, 16 లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనాల ఓనర్లు సకాలంలో కట్టిన అద్దెను బ్యూరోకు తెలియజేసే అవకాశాన్ని కిరాయిదారులకు ఇవ్వాలని నిబంధన పెట్టింది. దానికి నెలకు 10 డాలర్లకు మించి తీసుకోకూడదు. ఇలాంటి నిబంధన దేశమంతటా రావాలి. దివాలా తీసిన కుటుంబానికి కొత్త అప్పు చేయకుండానే పరపతి తిరిగి కట్టుకునే మార్గం ఇదొక్కటే నాకు కనిపిస్తోంది. అప్పుల వల్ల దెబ్బతిన్నవారికి మళ్లీ అప్పు చేసి నిరూపించుకోమనడం కన్నా, కడుతున్న అద్దెను చూడటం ఎంతో సబబు.

ఇక మనవాళ్లలో ఈ విషయం చుట్టూ ఉన్న మౌనం గురించి చెప్పాలి. మన జిల్లాల్లో "ఐపీ పెట్టాడు" అంటే ఊళ్లో జనం సొమ్ము ముంచి, ఆస్తులు బంధువుల పేర్ల మీదికి మార్చి, కోర్టు చాటున దాక్కున్నాడనే అర్థం చేసుకుంటారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసిన పిటిషన్లలో అలాంటివి ఉన్నాయి కాబట్టే ఆ అభిప్రాయం పాతుకుపోయింది. భారతదేశంలో 2016లో వచ్చిన కొత్త దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే అమలవుతోంది. అందువల్ల మామూలు మనిషికి గౌరవంగా అప్పుల నుంచి బయటపడే దారి చట్టంలో ఒకటి ఉంటుందన్న ఊహే మనవాళ్లకు అలవాటు కాలేదు. ఆ పాత ముద్రను ఇక్కడికి మోసుకొచ్చి, కుటుంబాలు లాయరు దగ్గరికి వెళ్లడానికే ఏళ్లు ఆలస్యం చేస్తాయి.

ఆ ఆలస్యంలో చేసే పనులే వారిని నిజంగా ముంచుతాయి. దాఖలుకు ముందు మర్యాద పోకూడదని బావగారి దగ్గర తీసుకున్న చేబదులు తీర్చేస్తారు. దగ్గరి బంధువులకు దాఖలుకు ముందు ఏడాది లోపల చేసిన అలాంటి చెల్లింపును ట్రస్టీ వెనక్కి రాబట్టవచ్చు, అంటే కోర్టు నోటీసు బావగారి ఇంటికి వెళ్తుంది. ఒంగోలులోనో కరీంనగర్‌లోనో ఉన్న స్థలం అమెరికా కోర్టుకు ఎలా తెలుస్తుందిలే అనుకుంటారు. చట్టం ప్రకారం ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా షెడ్యూళ్లలో చూపాలి. దాచితే డిశ్చార్జే నిరాకరించవచ్చు, అది ఫెడరల్ నేరం కూడా. అమ్మ పెట్టిన బంగారం కూడా చూపాలి, అందులో ఎంత మినహాయింపు కిందికి వస్తుందో లాయరు చెబుతారు. అలాగే పౌరులు కానివారు దివాలా వేయలేరనే అపోహ ఉంది. అమెరికాలో నివాసమో, వ్యాపారమో, ఆస్తో ఉంటే చాలు, పౌరసత్వం అక్కరలేదు. వీసా గురించి భయం ఉంటే దివాలా లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరును కూడా ముందే అడిగి తెలుసుకోవడం మంచిది, వాట్సాప్ గ్రూపుల్లో చెప్పుకునే మాటల మీద ఆధారపడకూడదు.

అద్దె ఇల్లు వెతికేటప్పుడు కూడా దాచడం వల్ల నష్టమే. రిపోర్టులో కనబడేదాన్ని దరఖాస్తులో లేదని రాస్తే, ఆ అబద్ధమే తిరస్కారానికి కారణమవుతుంది. టెక్సస్‌లో తప్పుడు సమాచారం తిరస్కారానికి చెల్లే కారణం కూడా. ముందుగా ఫోను చేసి, ఫలానా సంవత్సరంలో వ్యాపారం వల్ల చాప్టర్ 7 వేశాం, డిశ్చార్జ్ అయింది, ఇంటి అద్దె ఎప్పుడూ ఆగలేదు, కాగితాలు ఉన్నాయి, మీ ప్రమాణాల్లో దీనికి చోటు ఉందా అని అడగడమే మంచిది. చోటు లేదని వారు చెబితే దరఖాస్తు రుసుమైనా మిగులుతుంది. స్నేహితులను హామీ సంతకం అడిగే ముందు మాత్రం ఆలోచించాలి. హామీ సంతకం వల్లే మునిగిన కుటుంబం మరో కుటుంబాన్ని అదే స్థితిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆదాయం సరిపోయే చిన్న ఇంటికి, రాష్ట్ర చట్టం అనుమతించే మేరకు కొంత ఎక్కువ డిపాజిట్ ఇచ్చి వెళ్లడం అంతకన్నా మేలు. డిపాజిట్ మీద టెక్సస్‌లో పరిమితి లేదు, కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి సాధారణంగా ఒక నెల అద్దెకు మించకూడదు.

ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా, మెకిన్నీ వైపు మన తెలుగువారు పెట్టుబడిగా కొన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఓనర్లలో చాలామంది రియల్టరు పంపిన నమూనా ప్రమాణాలనే అలాగే వాడతారు, "గత ఏడేళ్లలో దివాలా ఉండరాదు" అన్న వాక్యంతో సహా. ఒక్కసారి ఆలోచించమని కోరుతున్నాను. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ, చాప్టర్ 7 డిశ్చార్జ్ తర్వాత రెండేళ్లు గడిచి, పరపతి తిరిగి కట్టుకున్నవారికి ముప్ఫై ఏళ్ల ఇంటి రుణానికే బీమా ఇస్తుంది. చాప్టర్ 13లో ఉన్నవారు పన్నెండు నెలలు సక్రమంగా కట్టి, కోర్టు అనుమతి తెచ్చుకుంటే వారినీ పరిశీలిస్తుంది. లక్షల డాలర్ల రుణానికి ప్రభుత్వం రెండేళ్లు చాలనుకున్నప్పుడు, ఏడాది లీజుకు ఏడేళ్లు ఎందుకు కావాలి? ఆ వాక్యం తీసేసి, దాని స్థానంలో గత ఇరవై నాలుగు నెలల అద్దె చెల్లింపులు, పాత ఓనరు ఫోను నంబరు, అద్దెకు మూడు రెట్ల ఆదాయం, దివాలా ఉంటే డిశ్చార్జ్ ఉత్తర్వు లేదా చాప్టర్ 13 చెల్లింపుల రికార్డు కావాలని రాయండి. మార్చిన ప్రమాణాన్ని మనవాళ్లకు మాత్రమే సడలింపుగా వాడకండి. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం పుట్టిన దేశాన్ని బట్టి తేడా చూపడాన్ని నిషేధిస్తుంది కాబట్టి, తెలుగు కుటుంబమైనా, పక్క వీధి నుంచి వచ్చిన మెక్సికన్ కుటుంబమైనా, రాతలో ఉన్న అదే కాగితాన్ని అందరి చేతికీ ఇవ్వండి.